ప్లగిన్‌లో తప్పు కీ పెట్టినా ‘సేవ్ అయింది’ అని పచ్చగా చూపిస్తోంది, ఎక్కడ ఆపాలి?

కొత్తవాడ_కోడ్

నాలుగు రోజుల ఆర్డర్లు కదలకుండా ఆగిపోయాయి. తప్పు నా కోడ్‌దే, ఇంకోసారి జరగకూడదని అడుగుతున్నా. మా దగ్గర కొత్తవాడలో దర్రీలు నేసి అమ్మే ఒక కుటుంబానికి వూకామర్స్‌లో (వర్డ్‌ప్రెస్ సైట్‌లో షాపు నడిపే ప్లగిన్) షాపు పెట్టిచ్చాను. ఆర్డర్ రాగానే కొరియర్ వాళ్లకు పికప్ చెప్పే చిన్న ప్లగిన్ కూడా నేనే రాశా. సెట్టింగ్స్ పేజీలో రెండే బాక్సులు, కొరియర్ సర్వర్ మనల్ని గుర్తుపట్టే ఏపీఐ కీ ఒకటి, దానికి పాస్‌వర్డ్ లాంటి సీక్రెట్ ఒకటి. పోయిన వారం కీ మార్చాల్సి వచ్చింది. షాపు పెద్దాయన కొత్త కీని ఫోన్లోనే కాపీ చేసి, అతికించి, సేవ్ నొక్కారు. పచ్చ పట్టీ వచ్చింది, ‘సెట్టింగ్స్ సేవ్ అయ్యాయి’ అని. ఆయన నిశ్చింతగా మగ్గం దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ప్రతి ఆర్డర్‌కూ అవతలి నుంచి 401 (ఈ కీ ఒప్పుకోం అనే జవాబు) వస్తుంటే నా కోడ్ దాన్ని లాగ్‌లో రాసుకుని ఊరుకుంది.

నాలుగో రోజు కరీంనగర్ నుంచి ఒకామె ఫోన్ చేసి ‘పెళ్లికి కావాలని ముందే చెప్పాను కదండీ’ అని అడిగితే గానీ తెలియలేదు. నేను వెళ్లేసరికి పదకొండు కట్టలు గోడ వారన పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద పెన్నుతో అడ్రసు రాసి. మనసుకు చాలా కష్టమనిపించింది.

డేటాబేస్ తెరిచి చూస్తే కీ పొడవు 40 ఉండాల్సింది ఇంకా ఎక్కువ చూపిస్తోంది. కళ్లకు ఏమీ కనబడదు, చివర్లో ఏదో ఉంది. సేవ్ చేసేటప్పుడే అవతలి సర్వర్‌ను అడిగి, కీ తప్పైతే సేవ్ కానివ్వకుండా ఆపాలా? మీరంతా ఎలా చేస్తున్నారు?

మడికొండ_మేడ

ఆపాలి. అక్కడే, అప్పుడే. కీ పెట్టిన మనిషి స్క్రీన్ ముందు ఉండేది ఆ ఒక్క నిమిషమే తమ్ముడూ, అది దాటితే లాగ్ ఫైల్ ఎవరూ చూడరు.

వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్ ఏపీఐ వాడుతుంటే రిజిస్టర్ సెట్టింగ్‌లో శానిటైజ్ కాల్‌బ్యాక్ (సేవ్‌కు ముందు విలువను సరిచూసే ఫంక్షన్) ఉంటుంది కదా, అందులో పరీక్షించు. తప్పని తేలితే యాడ్ సెట్టింగ్స్ ఎర్రర్‌తో మెసేజ్ పెట్టి పాత విలువనే తిరిగి ఇచ్చెయ్. ఒక్క ఎర్రర్ చేర్చినా ఆ పచ్చ పట్టీ రాదు, ఎందుకంటే ఎర్రర్లు ఏవీ లేనప్పుడే వర్డ్‌ప్రెస్ దాన్ని చేరుస్తుంది. నీ పెద్దాయనను మోసం చేసింది ఆ పట్టీయే. దానికి తెలిసింది డేటాబేస్‌లోకి ఎక్కిందన్న సంగతి ఒక్కటే, ఆయనకు అర్థమైంది పని అయిపోయిందని.

ఒక చిక్కు ముందే చెప్తున్నా. ఆప్షన్ మొదటిసారి డేటాబేస్‌లోకి ఎక్కేటప్పుడు ఈ కాల్‌బ్యాక్ రెండుసార్లు నడుస్తుంది. అప్‌డేట్ ఆప్షన్ ఒకసారి నడిపిస్తుంది, అది లోపల పిలిచే యాడ్ ఆప్షన్ ఇంకోసారి. అంటే అవతలి సర్వర్‌కు రెండు కాల్స్ పోతాయి. సీక్రెట్‌ను అక్కడే ఎన్‌క్రిప్ట్ చేశావో, ఎన్‌క్రిప్ట్ అయినదాన్నే మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఇక కీ సరైనదే అయినా పనిచేయదు. ఇది తెలియక నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నా.

జమ్మికుంట_తమ్ముడు

ట్రిమ్ పెడితే చివరి స్పేస్ పోతుంది కదా అన్నా? అసలు వర్డ్‌ప్రెస్సే ట్రిమ్ చేస్తుందని ఎక్కడో చూశా.

మడికొండ_మేడ

చేస్తుంది, కానీ పీహెచ్‌పీ ట్రిమ్ తీసేసేవి ఆరే ఆరు: స్పేస్, ట్యాబ్, రెండు రకాల లైన్ బ్రేకులు, నల్, నిలువు ట్యాబ్. వెడల్పే లేని అక్షరాల జోలికి అది పోదు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్

ఆ కనబడని అక్షరం ఏదో నేను చెప్పగలను అనుకుంటున్నా. పెద్దాయన ఫోన్లో తెలుగు కీబోర్డు ఉందా? మనం ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ తర్వాత ‘వే’ కింద ఒత్తుగా పడకుండా మధ్యలో ఒక అక్షరం వేస్తాం, యూనికోడ్‌లో 200సి. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేసేస్తాయి. కంటికి కనబడదు, బైట్లలో మాత్రం మూడు. మీ కీ పొడవు 43 చూపిస్తోందా?

కొత్తవాడ_కోడ్

అవునన్నా, సరిగ్గా 43. ఇప్పుడే హెక్స్‌లో (ఒక్కో బైట్‌ను 0-9, ఏ-ఎఫ్‌లతో చూపే పద్ధతి) చూశా, చివర్లో ఈ2 80 8సి. ఆయన కీ కింద ‘కొరియర్‌ది’ అని తెలుగులో రాసి పెట్టుకున్నారట, దాన్ని చెరిపి కీ వరకే మిగిల్చి కాపీ చేశారు. అక్కడ మిగిలిపోయి ఉంటుంది.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్

దొరికింది కదా, సంతోషం. తెలుగు అంకెల సంగతి కూడా చూసుకోండి. నేను పైథాన్‌లో రాసిన ఒక ప్లగిన్‌లో కస్టమర్ నంబరు అన్నీ అంకెలేనా అని ఈజ్‌డిజిట్‌తో చూసేవాణ్ని. ఒకాయన ౪౫౭ అని తెలుగు అంకెల్లో ఇచ్చారు. పైథాన్‌కు అవి కూడా అంకెలే, నా పరీక్ష దాటేసింది, అవతలి సర్వర్ మాత్రం ఒప్పుకోలేదు. ఆయన తప్పేమీ లేదు, తన భాషలో తను రాశారు. నేనే వాటిని 457గా మార్చుకుని పంపాల్సింది.

ఇక అసలు విషయంలో మడికొండ_మేడ గారితో నేను ఏకీభవించను. తప్పైతే సేవ్ కానివ్వకపోవడం మంచిది కాదు. మా దగ్గర రాత్రి రెండు గంటలకు సర్వర్లు మారుస్తుంటాం. ఆ టైంలో అవతలి సర్వీసు మెయింటెనెన్స్‌లో ఉంటే, లేదా కొత్త సర్వర్ నుంచి బయటికి దారి ఇంకా తెరవకపోతే, కీ సరైనదే అయినా పరీక్ష ఫెయిల్ అవుతుంది. ఒక ప్లగిన్ అయితే సేవ్ కానివ్వకపోగా నేను నింపిన మిగతా తొమ్మిది బాక్సులను కూడా ఖాళీ చేసింది. నిద్ర కళ్లతో అన్నీ మళ్లీ టైప్ చేశా, ఈసారి రెండు తప్పులతో.

మడికొండ_మేడ

బాక్సులు ఖాళీ చేయడం ఘోరం, దాన్ని నేనూ సమర్థించను. కానీ ‘తప్పు’ అనేదీ ‘తెలియలేదు’ అనేదీ వేరు కదా. 401 వస్తే అవతలివాళ్లు కీని చూసి కాదన్నారు. టైమ్‌అవుట్ వస్తే వాళ్లను మనం అడగనే లేదు. మొదటిదానికి ఆపాలి, రెండోదానికి ఆపకూడదు.

మిర్చి_యార్డ్

403 కూడా వేరే. కీ సరైనదే, కానీ ఆ పనికి అనుమతి లేదు. దానికి ‘మీ కీ తప్పు’ అని చూపిస్తే మనిషి మంచి కీని పారేసి కొత్తది తెస్తాడు, అదీ పనిచేయదు. 429 వస్తే ఎక్కువసార్లు అడిగావు కాసేపు ఆగు అని అర్థం. 500 దాటితే తప్పు వాళ్లవైపే. వీటన్నిటికీ ఒకే ఎర్ర పట్టీ పెట్టే ప్లగిన్లు మస్తు చూశా.

నా అనుభవం చెప్తా. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి బిల్లింగ్‌లో ప్లగిన్ పెట్టాం. రాసిన పిల్లాడు జాగ్రత్త కొద్దీ సెట్టింగ్స్ పేజీ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ పరీక్షించేలా పెట్టాడు. పాస్‌వర్డ్ మారిన సంగతి ఎవరికీ తెలియదు. ఫిబ్రవరి చివర, మిర్చి బస్తాలు యార్డ్ నిండా ఉన్న రోజు, ముగ్గురు గుమాస్తాలు తలోసారి పేజీ తెరిచారు, ఇద్దరు రిఫ్రెష్ కొట్టారు. ఐదు తప్పులు, ఖాతాకు తాళం. సాయంత్రం దాకా చేత్తో రాసుకున్నాం. మనిషి నొక్కినప్పుడే పరీక్షించాలి, లేదంటే విలువ మారినప్పుడు. ఊరికే చూసినప్పుడు కాదు.

హన్మకొండ_అక్క

నేను కోడ్ రాయను, సకినాలు, గారెలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ప్లగిన్లు వాడే మనిషిగా ఒక మాట. ఆర్డర్ మెయిల్స్ పోవట్లేదని ఒక ప్లగిన్‌లో నా మెయిల్ అడ్రసు, పాస్‌వర్డ్ ఇచ్చాను. ఎర్రగా పొడుగ్గా ఇంగ్లిష్‌లో ఏదో వచ్చింది, అందులో నాకు అర్థమైంది 535 అన్న నంబరు, పాస్‌వర్డ్ అన్న మాట. నేనే మర్చిపోయాననుకుని పాస్‌వర్డ్ మార్చాను. మళ్లీ అదే. మూడుసార్లు మార్చాను. ఆ దెబ్బకు మా అమ్మాయి ఫోన్లో, దుకాణం ట్యాబ్‌లో అన్నిట్లో లాగౌట్ అయింది. సంక్రాంతి ముందు, పొయ్యి మీద నూనె కాగుతుంటే ఒక చేత్తో ఓటీపీలు కొట్టుకుంటూ కూర్చున్నా. నా పాస్‌వర్డ్ మొదటి నుంచీ సరైనదే. ఆ పాస్‌వర్డ్ అక్కడ పనికిరాదని, ఇంకో రకంది తెచ్చుకోవాలని చెప్పేవాళ్లే లేకపోయారు.

కరీంనగర్_బస్టాండ్

అక్కా అది జీమెయిలే అయితే, మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములను రానివ్వడం వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30తో ఆపేశారు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, 16 అక్షరాలు ఉంటుంది. ఆ ప్లగిన్ రాసినవాళ్లు 535 రాగానే ఈ ఒక్క వాక్యం చూపించి ఉంటే మీకు అన్ని తిప్పలు ఉండేవి కాదు.

హన్మకొండ_అక్క

తర్వాత తెలిసింది తమ్ముడూ. మా మేనల్లుడు వచ్చి రెండు నిమిషాల్లో చేసి పెట్టాడు, కిలో సకినాలు పట్టుకుపోయాడు.

జమ్మికుంట_తమ్ముడు

ఆ 16 అక్షరాలు నాలుగేసి చొప్పున మధ్యలో ఖాళీలతో కనబడతాయి కదా, ఖాళీలతో పెట్టాలా తీసేసి పెట్టాలా అని నేనూ కంగారు పడ్డా.

మడికొండ_మేడ

ఈ విషయంలో వర్డ్‌ప్రెస్ చేసిన పద్ధతి నాకు నచ్చుతుంది. 5.6 వెర్షన్‌లో, 2020 డిసెంబరులో, వాళ్ల అప్లికేషన్ పాస్‌వర్డులు వచ్చాయి. 24 అక్షరాలు, నాలుగేసి చొప్పున విడదీసి చూపిస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీలతో ఇచ్చినా, లేకుండా ఇచ్చినా ఒప్పుకుంటుంది. అక్షరాలు, అంకెలు తప్ప మిగతావన్నీ తీసేసి చూస్తుంది. ఆ పాస్‌వర్డ్‌ను తయారుచేసింది వాళ్లే కాబట్టి అందులో ఏం ఉండవో వాళ్లకు తెలుసు. నీ కొరియర్ కీకి కూడా అదే చెయ్.

కరీంనగర్_బస్టాండ్

కీకి సరే. పాస్‌వర్డ్‌కు మాత్రం పొరపాటున కూడా చేయకండి, దయచేసి. సెట్టింగ్స్ అనగానే అందరూ శానిటైజ్ టెక్స్ట్ ఫీల్డ్ ఫంక్షన్ తగిలించేస్తారు. అది < గుర్తు తర్వాత ఎక్కడైనా > ఉంటే ఆ మధ్యదంతా ట్యాగ్ అనుకుని కోసేస్తుంది, % తర్వాత హెక్స్‌లా కనబడే రెండు అక్షరాలు ఉంటే మూడింటినీ మింగేస్తుంది. మా క్లయింట్ పాస్‌వర్డ్‌లో %20 ఉండేది, 2020లో పెట్టుకున్నారు కాబట్టి ఆ అంకె. ప్లగిన్‌లో పెడితే పనిచేయదు, వెబ్‌సైట్‌లో నేరుగా లాగిన్ అయితే అవుతుంది. ‘మీ ప్లగినే బాగాలేదు’ అని ఆయన వారం రోజులు అంటూనే ఉన్నారు. ఆయన మాటే నిజమైంది.

ఇంకోటి. సేవ్ చేసిన సీక్రెట్‌ను చుక్కలుగా చూపిస్తాం కదా. కొందరు ఎనిమిది నక్షత్రాలను నిజంగానే వాల్యూగా పెడతారు. మనిషి ఇంకేదో మార్చి సేవ్ కొడితే అసలు సీక్రెట్ పోయి ఎనిమిది నక్షత్రాలు డేటాబేస్‌లోకి వెళ్తాయి. బాక్సు ఖాళీగా ఉంచి, పక్కన ‘ఇంతకుముందు ఇచ్చినది భద్రంగా ఉంది, మార్చాలంటేనే రాయండి’ అని పెట్టండి. ఖాళీగా వస్తే పాతదాన్ని ముట్టుకోకండి.

కొత్తవాడ_కోడ్

శానిటైజ్ టెక్స్ట్ ఫీల్డ్ నా కోడ్‌లో కూడా ఉంది, రెండు బాక్సులకూ. ఇవాళే తీసేస్తా.

ఇప్పుడు అనుకుంటున్నది ఇది. సేవ్‌కు పక్కనే ‘పరీక్షించు’ అని ఇంకో బటన్ పెడతా. కొరియర్ వాళ్ల దగ్గర ఆర్డర్ పెట్టే కాల్ ఒకటుంది, దాన్నే ఉత్తుత్తి అడ్రసుతో పిలిస్తే సరిపోతుందా?

మిర్చి_యార్డ్

వద్దు వద్దు. ఆ పని చేసిన దుకాణం నాకు తెలుసు, నక్కలగుట్టలో. బటన్ నొక్కిన ప్రతిసారీ నిజం పికప్ పడింది. సాయంత్రం మూడుసార్లు కొరియర్ పిల్లాడు మెట్లెక్కి వచ్చాడు, మూడోసారి చెమట తుడుచుకుంటూ ‘అన్నా పార్సిల్ ఏది’ అని అడిగితే దుకాణం ఆయన మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. దేన్నీ మార్చని, కేవలం చదివే కాల్ ఒకటి వెతుకు. ఖాతా వివరాలో, బ్యాలెన్సో, పిన్‌కోడ్‌ల జాబితానో. పిన్‌కోడ్ జాబితా అయితే కీ లేకుండానే ఇస్తుందేమో ముందు చూసుకో, అలా ఇస్తే ఏ చెత్త కీ పెట్టినా పాసే.

జమ్మికుంట_తమ్ముడు

అంత దూరం ఎందుకు, కీ ఆకారం చూస్తే చాలదా? 40 అక్షరాలు, అన్నీ హెక్స్. నెట్ కూడా అక్కర్లేదు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్

ఆకారం ముందు చూడాలి, నిజమే, అది ఉచితం, వెంటనే తెలుస్తుంది. కానీ జీఎస్‌టీ నంబరు తీసుకో. 15 అక్షరాలు, మన తెలంగాణవి 36తో మొదలు, తర్వాత పాన్ పది అక్షరాలు, చివరిది లెక్క సరిపోయిందో లేదో చూసే అక్షరం. అన్నీ కుదిరిన నంబరు కూడా రద్దయినది కావొచ్చు. కీ సంగతీ అంతే, పోయిన వారం దాకా పనిచేసిన పాత కీ ఆకారంలో కొత్తదానికేం తీసిపోదు.

ఇంకోటి, కీ పొడవు ఎప్పటికీ 40 అని వాళ్లు డాక్యుమెంట్‌లో మాట ఇచ్చారా? ఇవ్వకపోతే పొడవు తేడా వచ్చినప్పుడు హెచ్చరించండి చాలు, ఆపకండి.

కాజీపేట_జంక్షన్

ఆలస్యంగా చూశా. ఆ ‘పరీక్షించు’ బటన్ గురించి ఎవరూ చెప్పని మాట ఒకటుంది, అది చెప్పకపోతే ఈ చర్చ చదివి ఎవరైనా ప్రమాదంలో పడతారు.

నేను జెంకిన్స్ (కోడ్‌ను తనంతట తనే బిల్డ్ చేసి పరీక్షించే సర్వర్) మీద పనిచేస్తా. దాని ప్లగిన్లలో టెస్ట్ కనెక్షన్ బటన్ సర్వసాధారణం. బటన్ వెనక ఉన్న మెథడ్‌కు ఒక వెబ్ అడ్రసు ఉంటుంది, బటన్ కనబడనివాడు కూడా ఆ అడ్రసును పిలవొచ్చు. అనుమతి చూసే లైన్ రాయడం మర్చిపోయారనుకోండి, లోపలికి వచ్చి చదవడానికి మాత్రమే హక్కున్న ఒకడు సర్వర్ అడ్రసు దగ్గర తన సర్వర్‌ది పెట్టి, మీరు దాచుకున్న క్రెడెన్షియల్ ఐడీ ఇచ్చి దాన్ని పిలుస్తాడు. జెంకిన్స్ పాపం మీ పాస్‌వర్డ్ పట్టుకుపోయి వాడి సర్వర్‌కు అప్పజెప్పి ‘కనెక్ట్ అవుతుందా’ అని అడుగుతుంది. లింకు నొక్కితే వెళ్లే గెట్ రిక్వెస్ట్‌ను కూడా ఒప్పుకుంటే ఇంకా తేలిక, అడ్మిన్ చేత ఒక లింకు నొక్కిస్తే చాలు. జెంకిన్స్ సెక్యూరిటీ ప్రకటనలు తిరగేయండి, ఇదే జబ్బు ఒక ప్లగిన్ తర్వాత ఇంకో ప్లగిన్‌లో కనబడుతుంది. మందు రెండు లైన్లు: పోస్ట్ మాత్రమే ఒప్పుకోవాలి, మొదటి పనిగా అనుమతి చూడాలి. పాస్‌వర్డ్ సరైనదో కాదో చూడటానికి రాసిన బటనే పాస్‌వర్డ్ పోవడానికి దారి అవ్వడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

వర్డ్‌ప్రెస్‌లో అయినా అంతే. నాన్స్ (పేజీతో పాటు వచ్చే గుర్తు) చూడాలి, అది సరిపోదు, మేనేజ్ ఆప్షన్స్ హక్కు, అంటే సెట్టింగ్స్ మార్చే హక్కు, ఉందా అని కూడా అడగాలి. నాన్స్ చెప్పేది రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని మాత్రమే, ఆ మనిషికి హక్కుందని కాదు.

కొత్తవాడ_కోడ్

నాది ఒకే కొరియర్, అడ్రసు కోడ్‌లోనే ఉంది, సెట్టింగ్స్‌లో లేదు. అయినా భయపడాలా అన్నా?

కాజీపేట_జంక్షన్

అడ్రసు కోడ్‌లోనే ఉంటే పెద్ద గండం తప్పినట్టే. హక్కు మాత్రం చూడు, లేకపోతే ఎవడో ఆ బటన్‌ను వందసార్లు పిలిచి మిర్చి_యార్డ్ చెప్పినట్టు ఖాతాకు తాళం వేయిస్తాడు.

రేపు ఎవరైనా ‘మా సర్వర్ అడ్రసు మేమే ఇస్తాం’ అని అడుగుతారు, అప్పటికి గుర్తుంచుకో. అడ్రసు మారితే పాత సీక్రెట్ వాడకు, మళ్లీ టైప్ చేయమని అడుగు. వర్డ్‌ప్రెస్‌లో సేఫ్ రిమోట్ గెట్ వాడు, 127, 10, 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసులను అది పోనివ్వదు. క్లౌడ్ మెటాడేటా (క్లౌడ్ సర్వర్ సొంత వివరాలు) ఉండే 169.254.169.254ను నేను విడిగా కూడా ఆపుతా. అవతలి నుంచి వచ్చిన జవాబును ఉన్నది ఉన్నట్టు స్క్రీన్ మీద చూపించకు, కీని లాగ్‌లో రాయకు. చివరి నాలుగు అక్షరాలు చాలు, ఏ కీనో గుర్తుపట్టడానికి.

మడికొండ_మేడ

టైమ్‌అవుట్ కూడా చూసుకో తమ్ముడూ. వర్డ్‌ప్రెస్ రిమోట్ కాల్‌కు మనం చెప్పకపోతే 5 సెకన్లు. కొరియర్ సర్వర్లకు సాయంత్రం పూట అది చాలకపోవచ్చు. పది పెట్టు, అది దాటితే ‘తెలియలేదు’ కింద రాసుకో.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ గారి మాట మీద రెండు రోజులు ఆలోచించా. 401కి సేవ్ ఆపాలనే ఇప్పటికీ అంటాను, కానీ ఆపినప్పుడు రాసింది రాసినట్టు బాక్సులోనే ఉండాలి.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్

నేను 401కి కూడా సేవ్ చేసి పెద్దగా హెచ్చరిస్తా. కొత్త కీ పుట్టాక అవతలి సర్వర్లన్నిటికీ చేరడానికి కొన్నిచోట్ల నిమిషాలు పడుతుంది, మొదటి నిమిషంలో 401 రావడం నా కళ్లతో చూశా. మన ఇద్దరికీ ఇక్కడ కుదరదు లెండి, మిగతా అన్నిట్లో కుదిరింది.

కొత్తవాడ_కోడ్

రాసేశా, నిన్న సాయంత్రం షాపులో కూర్చుని పెద్దాయనతోనే చూపించా. కీలో అక్షరాలు, అంకెలు తప్ప మిగతావి తీసేస్తున్నా, సీక్రెట్‌ను మాత్రం ముట్టుకోవట్లేదు. ఖాతా పేరు తెచ్చే కాల్ ఒకటి దొరికింది, కీ లేకుండా పిలిచి చూశా, 401 ఇచ్చింది, కాబట్టి అది నిజమైన పరీక్షే. సెట్టింగ్స్ పేజీ పైన మూడు రకాల మాటలు: ‘పనిచేస్తోంది’, ‘కొరియర్ వాళ్లు ఈ కీని ఒప్పుకోలేదు’, ‘కొరియర్ సర్వర్ పలకలేదు, కీ తప్పని అనుకోవద్దు, కాసేపాగి మళ్లీ పరీక్షించండి’. ఎప్పుడు పరీక్షించామో టైం పక్కనే ఉంటుంది. ఒప్పుకోనప్పుడు సేవ్ ఆపుతున్నా, పలకనప్పుడు ఆపట్లేదు. నైట్‌షిఫ్ట్ అన్న మన్నించాలి, మా దగ్గర కీ ఏడాదికోసారి మారుతుంది, నిమిషం ఆగగలం. తర్వాత ఎప్పుడైనా ఆర్డర్ పంపేటప్పుడు 401 వస్తే లాగ్‌లో రాసి ఊరుకోకుండా ఆయనకు మెసేజ్ పోతుంది.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, కావాలనే కీ బాక్సులో సీక్రెట్, సీక్రెట్ బాక్సులో కీ పెట్టి నొక్కారు. ‘ఒప్పుకోలేదు’ అని వచ్చింది. ‘మరి అటూ ఇటూ అయిందని చెప్పదా’ అని అడిగారు. నాకు తట్టనే లేదు. రెండు పొడవులూ వేరు కాబట్టి అది కూడా చేర్చా, అక్కడే, ఆయన మంచం మీద కూర్చుని.

హన్మకొండ_అక్క

కరీంనగర్ పెళ్లివాళ్ల దర్రీలు చేరాయా మరి?

కొత్తవాడ_కోడ్

చేరాయక్కా. తెలిసిన రోజే ఆర్టీసీ కార్గోలో వేశాం, హన్మకొండ బస్టాండ్‌కు నేనే బండి మీద తీసుకెళ్లా. మిగతా పది ఇవాళ పొద్దున కొరియర్ పిల్లాడు పట్టుకుపోయాడు.

జమ్మికుంట_తమ్ముడు

నా ప్లగిన్ తెరిచి చూసుకున్నా. పరీక్ష బటన్ ఉంది, నాన్స్ ఉంది, హక్కు చూసే లైన్ లేదు. ఇప్పుడే చేరుస్తున్నా.